పచ్చి కర్ర పీపాలు

మర్షెగేల ఊళ్లో పదకొండు గడపలు. అన్నిటికీ ఇంటిపేరు ఒకటే. మనిషిని పిలవాలంటే వాడి తండ్రి పేరూ తాత పేరూ తగిలించక తప్పేది కాదు. వీధిలో నిలబడి "అమాన్" అని కేకేస్తే నలుగురు పలికేవాళ్లు. "ఎతియెన్ గారి జోసెఫ్ కొడుకు అమాన్" అంటే మాత్రం పీపాలు చేసే అమాన్ ఒక్కడే తలెత్తేవాడు.

ఆ ఎతియెన్ ఫ్రాన్సులోని లా రోషెల్ రేవు నుంచి ఒక బాడిసా రెండు రంపాలూ పట్టుకుని సముద్రం దాటి అమెరికా ఖండంలోని అకాడీ తీరానికి వచ్చిన మొదటి మర్షెగే. అతను పీపాలు చేశాడు, కొడుకు జోసెఫ్ పీపాలు చేశాడు, మనవడు అమాన్‌కి ఇప్పుడు నలభై నాలుగేళ్లు, అతనూ అదే చేస్తున్నాడు. ఉప్పు చేపలకీ, పిండికీ, ఆపిల్ రసానికీ, నీళ్లకీ, ఆ వాగు పొడుగునా ఉన్న ఏడు ఊళ్లకీ పీపా కావాలంటే అతని కొట్టుకే రావాలి. ఓక్ చెట్టు కొట్టి, పలకలుగా చీల్చి, కొట్టు వెనక దొంతులు పేర్చి మూడేళ్లు ఎండకీ మంచుకీ వదిలేసేవాడు. మూడేళ్లు మాగని పలకని బాడిసతో ముట్టుకోకూడదని తండ్రి నేర్పిన మొదటి పాఠం. పని పూర్తయ్యాక పీపా మూత మీద కాల్చిన ఇనుముతో రెండు అడ్డగీతలూ ఒక నిలువుగీతా ముద్ర వేసేవాడు. ఆ ముద్ర ఉన్న పీపా కారిందని ఎవరూ తిరిగి తెచ్చింది లేదు.

పదిహేడు వందల యాభై ఐదు, జూన్ మొదటి వారం. అమాన్ కూతురు మోదెస్త్‌కి వాగు అవతలి ప్రుదాన్ దుగా కొడుకు జకారీతో పెళ్లి అనుకున్నారు. ప్రుదాన్ అమాన్‌కి మేనత్త కొడుకు, అంటే పిల్లలిద్దరికీ ముత్తాత ఒకడే. దగ్గర చుట్టరికం ఉన్నవాళ్లకి పెళ్లి చెయ్యాలంటే చర్చి మినహాయింపు ఇవ్వాలి, ఆ కాగితంలో వంశం మొత్తం రాయాలి. పాదిరిగారు కలం పట్టుకుని అమాన్ వంటింట్లో కూర్చున్నారు. ఎదురుగా పొయ్యి పక్కన ఓసీత్, గుమ్మం దగ్గర ప్రుదాన్.

ఓసీత్ అమాన్‌కి పెద్దమ్మ. డెబ్బై మూడేళ్లు. ఒక కంటికి పొర కమ్మింది. చదువు రాదు. ఏడు ఊళ్లలో ఎవరు ఎవరికి పుట్టారో, ఎవరు ఎవర్ని చేసుకున్నారో, పురిట్లో పోయిన బిడ్డలతో సహా ఆమె నోట్లో ఉండేది.

"ఎతియెన్‌కీ మరీ బర్తెలెమీకీ ఐదుగురు," అని మొదలుపెట్టింది. "పెద్దవాడు జోసెఫ్. వాడి తరవాత కాత్రిన్. జోసెఫ్‌కి అమాన్, అమాన్‌కి మా మోదెస్త్. కాత్రిన్ని దుగా వాళ్లకిచ్చారు. ఆమెకి ఈ ప్రుదాన్, వీడికి జకారీ. మూడో తరం చుట్టరికమే పాదిరిగారూ. రెండో తరం చుట్టరికం ఎక్కడా తగల్లేదు. కాత్రిన్ పెద్దకూతుర్ని మావాళ్లు ఒకళ్లు చేసుకుందామనుకున్నారు గానీ ఆ పిల్లకి మెల్లకన్ను."

"అత్తా, ఆ పిల్ల మా అక్క," అన్నాడు ప్రుదాన్.

"మీ అక్కే. నాకు తెలీదా? మెల్ల ఉందా లేదా?"

"ఉందనుకో."

"మరి రాసుకోండి," అంది ఓసీత్ పాదిరిగారితో.

అమాన్ భార్య ఉర్సూల్ బఠాణీ పులుసు వడ్డిస్తూ నవ్వు ఆపుకోలేకపోయింది. పాదిరిగారు మెల్లకన్ను సంగతి వదిలేసి మిగతాది రాసుకున్నారు. కోతలు అయ్యాక సెప్టెంబరు ఆఖర్లో పెళ్లి పెట్టుకోమన్నారు.

ఆ వారంలోనే ఇంగ్లీషు సైనికులు వచ్చి ఇంటింటికీ తిరిగి తుపాకులు పట్టుకుపోయారు. అంతకుముందే పడవలు లాక్కున్నారు. ఆ దేశం ఫ్రాన్సు రాజు చేతిలోంచి ఇంగ్లండు రాజు చేతికి పోయి నలభై ఏళ్లు దాటింది. ఇంగ్లండు తరఫున యుద్ధం చేస్తామని ప్రమాణం చెయ్యమని వాళ్లు అడుగుతూనే ఉన్నారు, మేం ఎవరి తరఫునా తుపాకి పట్టం అని వీళ్లు అంటూనే ఉన్నారు. ఇన్నాళ్లూ ఆ మాట మాటల్లోనే పోయింది. ఈసారి అడగడానికి కూడా ఎవరూ రాలేదు. సైనికులు వచ్చారు, తీసుకున్నారు, పోయారు. అమాన్‌కి అదే నచ్చలేదు.

పది రోజుల తరవాత హామన్ వచ్చాడు. జెర్సీ దీవి వాడు, రెండు భాషలూ వచ్చు, ఇంగ్లీషువాళ్ల కోటలో దుభాషీ. వెంట ఇద్దరు సైనికులు.

"నూట నలభై పీపాలు కావాలి," అన్నాడు. "ఆగస్టు ఆఖరికి."

"పిండికా, చేపలకా?"

"నీళ్లకి. పెద్దవి."

"నూట నలభైయా? కోటలో బావి ఎండిపోయిందా ఏంటి?"

"నాకు చెప్పమన్నది చెప్పాను. చెయ్యకపోతే నీ కొట్టులో సామాన్లన్నీ బండెక్కించి తీసుకెళ్లమన్నారు. తుపాకులు తీసుకెళ్లినట్టే." హామన్ గొంతులో బెదిరింపు లేదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు.

వాళ్లు వెళ్లాక అమాన్ కొట్టు వెనక్కి వెళ్లి తన దొంతుల ముందు చాలాసేపు నిలబడ్డాడు. మూడేళ్లు మాగిన పలకలు బూడిదరంగు తిరిగి, తట్టితే గంటలా పలికే స్థితిలో ఉన్నాయి. తన పడవ తీసుకున్నవాళ్లకి ఈ కర్ర ఇవ్వబుద్ధి కాలేదు. మర్నాడు ఉర్సూల్ చేత ఎండుగడ్డి మోయించి దొంతులన్నీ కప్పేశాడు. గొడ్డలి తీసుకుని అడవికెళ్లి వసంతంలో చిగురు వేసి రసం నిండుగా ఉన్న ఓక్ చెట్లు కొట్టించాడు. ఇద్దరు చుట్టాల్ని సాయం పెట్టుకుని ఆ పచ్చి పలకలతోనే పీపాలు బిగించడం మొదలుపెట్టాడు.

పచ్చి కర్ర పీపా చూడ్డానికి బాగానే ఉంటుంది. నీళ్లు పోస్తే మొదట్లో నిలుస్తాయి కూడా. నాలుగు రోజులు ఎండ తగిలితే పలక ముడుచుకుంటుంది, కట్లు వదులవుతాయి, అతుకులు నోళ్లు తెరుస్తాయి. మిగిలిన నీళ్లలోకి కర్ర రసం దిగి, తోళ్లు నానబెట్టే తొట్టిలో నీళ్లలా నల్లబడి పులుస్తాయి. ఈ సంగతి అమాన్‌కి బాగా తెలుసు. ఇంగ్లీషు సైనికులు ఏదో ఓడెక్కి ఎక్కడికో యుద్ధానికి పోతారనీ, నడిసముద్రంలో నాలుకలు పిడచగట్టుకుపోతాయనీ అనుకున్నాడు. అనుకున్నప్పుడల్లా చేతికి కొంచెం బలం వచ్చేది. ఆ పీపాల మీద తన ముద్ర మాత్రం వెయ్యలేదు.

సాయానికొచ్చిన చుట్టాల్లో ఒకడు అడిగాడు. "బాబాయ్, ఇది పచ్చిది కదా?"

"తొందరగా కావాలన్నారు కదా," అన్నాడు అమాన్.

ఆగస్టు మొదట్లో సైనికులు వచ్చి పాదిరిగారిని పట్టుకుపోయారు. చర్చిలో పుట్టుకల పుస్తకాలూ పెళ్లిళ్ల పుస్తకాలూ పెట్టెలో పెట్టి ఆయనతోపాటే బండెక్కించారు. గుడారాలు తెచ్చి చర్చి చుట్టూ పాతి, కొయ్య కంచె కట్టుకున్నారు. ఆదివారం ప్రార్థనకి వెళ్లినవాళ్లకి గుమ్మం దగ్గర తుపాకి అడ్డం వచ్చింది. మోదెస్త్ మినహాయింపు కాగితం ఆ పెట్టెలోనే పోయిందని ఉర్సూల్ బాధపడింది. ఓసీత్ మాత్రం, "కాగితం పోతే పోయింది, నేనున్నాగా. ఇంకో పాదిరి వస్తే ఇంకోసారి చెప్తా," అంది.

ఆమెని ఇంకోసారి చెప్పమని పాదిరి కాక హామన్ అడిగాడు. ఆగస్టు మూడో వారంలో, తయారైన పీపాలు తీసుకెళ్లడానికి బళ్లతో వచ్చాడు. బళ్లు నింపుతుండగా వంటింట్లోకొచ్చి ఓసీత్ ముందు బల్ల మీద కూర్చున్నాడు.

"అవ్వా, ఈ వాగు మీద ఏడు ఊళ్లలో ఎవరింట్లో ఎంతమందున్నారో నీకు తెలుసటగా."

"ఎవరు చెప్పారు నీకు?"

"అందరూ. పాదిరి పుస్తకం కంటే నువ్వే నయం అంటున్నారు."

ఆ మాటకి ఓసీత్ పొంగిపోయింది. పొయ్యి పక్కన నిటారుగా కూర్చుని వాగు ఎగువ నుంచి ఇల్లిల్లూ చెప్పుకుంటూ వచ్చింది. ఎవరి కొడుకు, ఎవరి కోడలు, ఎవరి చంటిపిల్ల, ఏ ఇంట్లో మంచం పట్టిన ముసలాయన. బబెత్ అనే ఆమెకి నెలలు నిండుతున్నాయని కూడా చెప్పింది. అమాన్ గుమ్మంలో నిలబడి హామన్ చేతిని చూస్తున్నాడు. ఓసీత్ పేర్లు చెబుతోంది, తాతల పేర్లు చెబుతోంది. హామన్ ఒక్క పేరు కూడా రాయడం లేదు. ఇంటికో అంకె వేస్తున్నాడు. ఆఖర్న అన్నీ కూడి కింద ఐదువందల అరవై ఒకటి అని రాశాడు.

"బబెత్ బిడ్డని కలిపావా?" అంది ఓసీత్.

"పుట్టాక కలుపుతాలే." హామన్ లేచి, గుమ్మం దాటుతూ అమాన్ వైపు తిరిగాడు. "ఇంకో ముప్ఫై పీపాలు చెయ్యాలి. నూట నలభై చాలవు."

బళ్లు కరకట్ట మీదుగా వెళ్లిపోయాయి. అమాన్ పెరట్లో చెక్క మొద్దు మీద కూర్చుండిపోయాడు. చేపలు పట్టే పడవలకి నీళ్ల పీపాలు చేసినవాడికి ఒక లెక్క నోటికొచ్చి ఉంటుంది. పదిమంది నెలరోజులు సముద్రం మీద ఉండాలంటే మూడు పీపాలు. నూట నలభై పీపాలు నాలుగువందల అరవై చిల్లర మందికి. నూట డెబ్బై పీపాలు ఐదువందల అరవై ఆరు మందికి. అతను మళ్లీ లెక్క వేశాడు. మళ్లీ అంతే వచ్చింది. కోటలో సైనికులు మూడువందల మంది కూడా లేరు. ఓసీత్ మనుషుల్ని చెప్పడం ఆపాకే ముప్ఫై పీపాలు పెరిగాయి.

ఆ పూటే పుట్టి మీద వాగు దాటి ప్రుదాన్ దగ్గరికి వెళ్లాడు. ప్రుదాన్ గోధుమ చేలో ఉన్నాడు, ఆరేళ్ల కూతురు సెలెస్త్ తండ్రి వెనకాల కంకులు ఏరుతోంది. అమాన్ లెక్క చెప్పాడు. ప్రుదాన్ కొడవలి భుజాన వేసుకుని విని నవ్వాడు.

"ఏం బావా, పీపాలు చూసి జోస్యం చెప్పడం ఎప్పుడు మొదలెట్టావు?"

"నవ్వులాట కాదు బావా. మనల్ని ఓడలెక్కిస్తారు."

"ఐదువందల మందినా? ఎక్కించి? మనల్ని పంపేస్తే ఈ కరకట్టలు ఎవడు కాస్తాడు? ఒక్క చలికాలం చూసుకోకపోతే సముద్రం మొత్తం చేలోకొస్తుంది. వాళ్లకి కోటకి తిండి ఎవడు పండిస్తాడు?"

"నాకు తెలీదు. నీళ్లు మాత్రం మనకే."

"మా నాన్న టైంలోనూ ఇలాగే అన్నారు. ఓడలొస్తాయి, పంపేస్తారు అని. నేను పుట్టాను, పెళ్లి చేసుకున్నాను, నలుగుర్ని కన్నాను. ఓడ రాలేదు." ప్రుదాన్ చేయి అమాన్ భుజమ్మీద వేశాడు. "కోతలవనీ. పెళ్లి చేద్దాం. నీ పీపాల్లో ఒకటి మాత్రం సారాకి ఉంచు."

అమాన్ చెప్పాల్సిన మాట ఇంకొకటి ఉంది. ఆ పీపాలు ఎలాంటివో చెప్పాలి. సెలెస్త్ దోసెడు కంకులు తెచ్చి అతనికి చూపించింది. బాగున్నాయమ్మా అని, చెప్పకుండానే తిరిగొచ్చాడు.

ఉర్సూల్‌కి మాత్రం మర్నాడు చెప్పాడు. ఆమె వెన్న చిలుకుతోంది. అంతా విని చిలకడం ఆపి అడిగింది.

"మొత్తం నూట నలభైయీ?"

"మొత్తం."

"అడిగి వెనక్కి తెచ్చుకోలేవా? కట్లు బిగిస్తానని చెప్పి."

"అడిగాను. నిన్నే ఓడరేవుకి తోలేశారట. నిజం చెబితే ఉరి తీస్తారు."

ఉర్సూల్ చేతులు గౌనుకి తుడుచుకుని కొట్టు వెనక్కి నడిచి, ఎండుగడ్డి పక్కకి లాగడం మొదలుపెట్టింది. ఆ సాయంత్రం నుంచి ఇద్దరూ మాగిన పలకలతో పీపాలు చేశారు. ఆమె పలకలు చిత్రిక పట్టేది, మోదెస్త్ పీపా చుట్టూ వేసే కట్లకి యాష్ చెట్టు కొమ్మలు వంచేది, అమాన్ బిగించేవాడు. ముప్ఫై అడిగారు కదా, ఈ ముప్ఫై అయినా నిలబడాలని. పదహారు రోజుల్లో పందొమ్మిది అయ్యాయి. అన్నిటికీ ముద్ర వేశాడు.

సెప్టెంబరు ఐదున, పదేళ్లు దాటిన మగవాళ్లందరూ మధ్యాహ్నం మూడింటికి చర్చికి రావాలని చాటింపు వేశారు. రాజుగారి ఉత్తర్వు చదివి వినిపిస్తారట. అమాన్ అడవికి పోదామా అని ఆలోచించాడు. మోదెస్త్, ఉర్సూల్, ముసలి ఓసీత్, వీళ్లనొదిలి పోవడమెలా? ప్రుదాన్ ఆదివారం చొక్కా వేసుకుని వాగు దాటి వచ్చాడు, జకారీ కూడా. ముగ్గురూ కలిసి నడిచారు. అందరూ లోపలికి వెళ్లాక తలుపులు మూసి బయట గడియలు పెట్టిన చప్పుడు వినిపించింది. అధికారి చదివాడు, హామన్ ఫ్రెంచిలో చెప్పాడు. భూములూ ఇళ్లూ పశువులూ రాజుగారివి. మీరంతా ఈ దేశం నుంచి బయటికి పంపబడతారు.

చర్చిలో రెండువందల మంది మగవాళ్లున్నారు. ప్రుదాన్ నెమ్మదిగా తల తిప్పి అమాన్ మొహంలోకి చూశాడు.

ఏడు వారాలు వాళ్లని అక్కడే ఉంచారు. ఆడవాళ్లు రోజూ రొట్టె తెచ్చి గుమ్మం దగ్గర ఇచ్చి పోయేవాళ్లు. ఒకరోజు ఉర్సూల్ రొట్టె అందిస్తూ తగ్గు గొంతుతో చెప్పింది. "పందొమ్మిదీ రేవుకి దొర్లించాం. ఏ ఓడలో పడేస్తారో తెలీదు. మనం ఎక్కే ఓడలోకే ఎక్కించమని ఓడవాడికి రెండు కోళ్లూ వెన్నముద్దా ఇచ్చాను. ఆరు ఎక్కించాడు."

"మిగతావి?"

"మిగతావి వేరేవాళ్లకి. వాళ్లూ మనవాళ్లేగా."

అక్టోబరు ఆఖర్లో చెక్క జోళ్లు టకటకలాడిస్తూ ఆడవాళ్లూ పిల్లలూ చేతికందిన మూటలతో రేవుకి వచ్చారు. మర్షెగేలూ దుగాలూ ఒకే ఓడకి వచ్చారు. అడుగు అరలో నూట ఎనభై మందిని కుక్కారు. పడుకోవడానికి వంతులు వేసుకోవాల్సొచ్చింది. ఓడ కదులుతుంటే, పైకి వెళ్లనిచ్చిన కొద్దిమంది తిరిగొచ్చి ఊళ్లు తగలబెడుతున్నారని చెప్పారు. ఓసీత్ ఏ ఊరు ముందు అని అడిగింది. ఎగువ నుంచి వస్తున్నారన్నారు. "నేను చెప్పిన వరసే," అంది ఆమె.

తొమ్మిదో రోజుకి గిన్నెలో పోసిన నీళ్లు టీ రంగు తిరిగాయి. పన్నెండో రోజుకి వాసన మొదలైంది. పిల్లలు తాగి కక్కేవాళ్లు, కక్కి మళ్లీ దాహమని ఏడ్చేవాళ్లు. కడుపులు జారడం మొదలై ఆ అరలో గాలి పీల్చడమే కష్టమైంది. పైనుంచి ఒక అధికారి చెక్కమూత తెరిచి పీపాలు చేసేవాడు ఎవడైనా ఉన్నాడా అని సైగలతో అడిగాడు. అమాన్ చెయ్యెత్తాడు.

పైకి తీసుకెళ్లి, ఇంకో మూత తెరిచి పీపాలున్న అరలోకి దింపారు. ఓడ అడుగున వరసలుగా ఉన్న యాభై పీపాల్లో పదిహేను సగానికి పైగా కారిపోయాయి. అతను కట్లు దింపి బిగించాడు, అతుకుల్లో రెల్లు దూర్చాడు, చేతులు నెత్తురు కారేదాకా పని చేశాడు. పోయిన నీళ్లు మాత్రం తిరిగి రావు. మూల తన ముద్ర ఉన్న ఆరూ కనిపించాయి. ఒకదాని బిరడా తీసి, ఆ నీళ్లు అధికారికి రుచి చూపించాడు. ఇవి మంచివి, పిల్లలకివ్వండి అని తమవాళ్లున్న అర వైపు చూపిస్తూ చేతులతో చెప్పాడు. అధికారి తాగి, తల ఊపి, నావికుల్ని పిలిచి ఆ ఆరు పీపాలూ నావికులుండే అరలోకి దొర్లించుకుపొమ్మన్నాడు.

పని చేసినందుకు అమాన్‌కి రోజుకొక కూజా మంచినీళ్లు ఇచ్చారు. అతను అది కిందికి తెచ్చాడు. ఒక కూజా, పిల్లలు నలభై మంది. ఓసీత్ కూడా మంచం పట్టినట్టే పడి ఉంది. ఆమె నోటి దగ్గర గిన్నె పెడితే పళ్లు బిగించి తల తిప్పుకుంది.

"నాకెందుకురా. ఆ దుగా పిల్లకి పట్టు."

"పెద్దమ్మా, ఒక్క గుక్క."

"ఆ పిల్లకి పట్టమన్నానా. మోదెస్త్, ఇటు రా. ఎతియెన్‌కీ మరీ బర్తెలెమీకీ ఎంతమంది?"

"ఐదుగురు నాయనమ్మా."

"రెండోది?"

"కాత్రిన్."

అలా చీకటి అరలో మనవరాలి చేత ఏడు ఊళ్లూ చెప్పించింది. తప్పితే మళ్లీ మొదటి నుంచి.

అమాన్ కూజా పట్టుకుని ప్రుదాన్ దగ్గరికి వెళ్లాడు. సెలెస్త్ తండ్రి ఒళ్లో కళ్లు లోపలికి పోయి పడుకుని ఉంది. గుక్క గుక్కగా పట్టాడు. తరవాత అక్కడే కూలబడ్డాడు.

"బావా, ఆ పీపాలు నేను కావాలనే..."

"తెలుసు," అన్నాడు ప్రుదాన్. "నువ్వు చేసిన పీపా కారడం నేను పుట్టి చూళ్లేదు. కారిందంటే నువ్వు కారనిచ్చావనే."

"వాళ్లు తాగుతారనుకున్నా."

ప్రుదాన్ పిల్లని ఒళ్లో సర్దుకుని ఓడ గోడ వైపు తిరిగాడు. రెండు రోజులకి సెలెస్త్ పోయింది. ఆ తరవాత నాలుగో రోజు ఓసీత్ పోయింది. ఆ ఓడలో మొత్తం ఇరవై ముగ్గురు పోయారు. గోనెలో చుట్టి సముద్రంలో వదిలారు. ఎవరు పోయినా మోదెస్త్ వాళ్ల తల్లీ తండ్రీ పేర్లు పైకి చెప్పేది. మిగతావాళ్లు శిలువ గుర్తు వేసుకునేవాళ్లు.

ఇంగ్లీషువాళ్ల వలస వర్జీనియాలో దిగనివ్వలేదు. చలికాలమంతా రేవులో ఓడల్లోనే ఉంచి, వేసవిలో ఇంగ్లండుకి తరిమారు. అక్కడ ఓ రేవు ఊరి గిడ్డంగుల్లో ఏడేళ్లు. మొదటి ఏడాదే మశూచి వచ్చింది, ఉర్సూల్ అందులో పోయింది. మోదెస్త్, జకారీ అక్కడే ఒకటయ్యారు. పాదిరి లేడు, పెద్దల ముందు చేతులు కలిపారు. ప్రుదాన్ పెళ్లిలో కూర్చున్నాడు, కొడుకునీ కోడల్నీ దీవించాడు, అమాన్ వైపు చూడలేదు. ఒకే గిడ్డంగిలో ఏడేళ్లు ఉండి అతనితో ఒక్క మాట ఆడలేదు. నిజం ఎవరికీ చెప్పనూ లేదు. చెబితే జనం అమాన్‌ని ఏం చేసేవాళ్లో ఇద్దరికీ తెలుసు. ఏదో ఒకరోజు ప్రుదాన్ నోరు విప్పుతాడని అమాన్ ఏడేళ్లూ ఎదురుచూశాడు.

ఇద్దరు రాజుల మధ్య యుద్ధం ముగిశాక ఫ్రాన్సు రాజు వాళ్లని తీసుకుని, కొన్నాళ్లకి బెల్-ఈల్ అనే దీవి మీద కొన్ని కుటుంబాలకి భూములిచ్చాడు. గాలి తప్ప చెట్టు లేని దీవి. అమాన్‌కి అప్పటికి యాభై ఐదేళ్లు. సేద్యం అల్లుడు చేసేవాడు. అతను సార్డీన్ చేపలకి పీపాలు చేసేవాడు. నీళ్ల పీపా చెయ్యమని ఓడవాళ్లెవరైనా వస్తే కళ్లు సరిగా ఆనడం లేదని చెప్పి పంపేసేవాడు.

పదిహేడు వందల అరవై ఏడు ఫిబ్రవరిలో, అకాడీ చర్చి పుస్తకాలన్నీ పోయాయి కాబట్టి, ఒక్కో కుటుంబం పాదిరి ముందు ప్రమాణం చేసి తమ వంశం చెప్పాలని ఉత్తర్వు వచ్చింది. కోర్టు నుంచి ఒక గుమస్తా వచ్చి మేజా ముందు కూర్చున్నాడు. సాక్షులుగా తెలిసిన పెద్దలుండాలి. మర్షెగేలకీ దుగాలకీ సాక్షులుగా అమాన్, ప్రుదాన్ పక్కపక్కన నిలబడ్డారు. చెప్పింది మాత్రం మోదెస్త్. చంకలో బిడ్డ, గౌను పట్టుకుని ఇంకో ఇద్దరు. ఎక్కడా తడుముకోలేదు. గుమస్తా రెండుసార్లు కలం ఆపి ఆమె మొహం చూశాడు.

"ప్రుదాన్ దుగాకి నలుగురు," అంది. "జకారీ, లూసీ, బజీల్, సెలెస్త్. సెలెస్త్ ఆరేళ్ల వయసులో సముద్రం మీద పోయింది."

"రోగంతోనా?" గుమస్తా అడిగాడు.

మోదెస్త్ తండ్రి వైపు చూసింది. ఆమెకి తెలుసని అమాన్‌కి అప్పుడు అర్థమైంది. ఉర్సూల్ చెప్పి ఉంటుంది. పన్నెండేళ్లు కూతురు కూడా తెలిసే ఊరుకుంది.

"నేను చేసిన పీపాలో నీళ్లు తాగి," అన్నాడు అమాన్. "పచ్చి కర్రతో చేశాను. తెలిసే చేశాను. అది కూడా రాయండి."

గుమస్తా కలం గాలిలో ఆగింది. పాదిరి తలెత్తారు. బల్లల మీద కూర్చుని తమ వంతుకోసం చూస్తున్న అకాడీ వాళ్లు మెడలు తిప్పి అమాన్ వైపు చూశారు. వాళ్లలో ఆ ఓడలో బిడ్డల్ని పోగొట్టుకున్నవాళ్లు కనీసం ఆరుగురున్నారు. బబెత్ కూడా ఉంది.

"అలాంటివి ఇందులో రాయరు," అన్నాడు గుమస్తా.

"రాయొద్దు," అన్నాడు ప్రుదాన్. పన్నెండేళ్లలో అమాన్ గురించి అతని నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. "సముద్రం మీద పోయింది. అంతే రాయండి. తరవాత పేరు చెప్పమ్మా."

మోదెస్త్ తరవాత పేరు చెప్పింది.

ఆ రోజు బయటికొచ్చాక అమాన్ మీద ఎవరూ చెయ్యి చేసుకోలేదు. అతను అది కూడా జరుగుతుందనే అనుకుని టోపీ చేతిలో పట్టుకుని గుమ్మం ముందు చాలాసేపు నిలబడ్డాడు. జనం పక్కనుంచి వెళ్లిపోయారు. బబెత్ ఒక్కతే ఆగి, "నా బిడ్డ కూడా నీ నీళ్లే తాగింది," అంది. అతను తల ఊపాడు. ఆమె నడిచిపోయింది. ఆ తరవాత ఆ ఊళ్లో నాలుగైదు ఇళ్లవాళ్లు అతని కొట్టుకి రావడం మానేశారు. మిగతావాళ్లు వచ్చేవాళ్లు, పీపా తీసుకుని కబుర్లాడకుండా పోయేవాళ్లు.

అమాన్ మర్షెగే ఆ దీవి మీద ఇంకో ఏడేళ్లు బతికాడు. ఒక చలికాలం ఊపిరితిత్తుల్లో నీరు చేరి మంచం పట్టాడు. ఆఖరి వారంలో ప్రుదాన్ రోజూ సాయంత్రం వచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. ఇద్దరూ మాట్లాడుకునేవాళ్లు కారు. కిటికీ బయట గాలి, లోపల ఇద్దరి దగ్గూ. చీకటి పడ్డాక లేచి, కోడలు ఇచ్చిన పులుసు తాగి, కర్ర పట్టుకుని ఇంటికి పోయేవాడు. అమాన్ పోయిన రోజు కూడా అలాగే వచ్చాడు. మోదెస్త్ గుమ్మంలోనే చెప్పింది. అయినా లోపలికి వచ్చి, రోజూ కూర్చునేంతసేపూ కూర్చుని వెళ్లాడు.